ఆ బండిలో తోడెవరు?

మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య ఆరు నెలలు. పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. హిందూ వివాహ చట్టం 1955లోనే వచ్చినా, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే దారి అందులో చేరింది 1976లో. ఏడాదిగా విడివిడిగా ఉంటున్నామని చెప్పి పిటిషన్ వేయాలి. వేశాక మరో ఆరు నెలలు ఆగాలి. మనసులు మారతాయేమోనని చట్టం ఇచ్చే గడువు అది. ఆ గడువు అన్ని కేసుల్లోనూ తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మా లాయరు గారు మాత్రం "ఉండండి సార్, ఏం తొందర" అన్నారు. ఉన్నాం.

ఆ ఆరు నెలలూ నేను ఆఫీసుకు వెళ్లడం, సినిమాలు చూడడం తప్ప ఇంకేం చేయలేదు. వాటిలో మొదట చూసింది ఒక షార్ట్ ఫిల్మ్, పట్టుమని పన్నెండు నిమిషాలు. డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రయర్ 1948లో తీసిన 'దే కాట్ ది ఫెర్రీ'. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి మోటార్ సైకిల్ మీద వెళుతుంటారు. దీవికి ఈ ఒడ్డున ఒక ఫెర్రీ దిగారు, ఆ ఒడ్డున ఇంకో ఫెర్రీ అందుకోవాలి. టైమ్ చాలదు. అతను యాక్సిలరేటర్ వదలడు. దారిలో ఒక పాత కారు అడ్డం వస్తుంది. ఎంత ప్రయత్నించినా దాన్ని దాటనివ్వడు లోపలి మనిషి. చివరికి పక్కకు వచ్చి చూస్తే స్టీరింగ్ దగ్గర పాలిపోయిన ముఖం. ఆ తర్వాత చెట్టు. ఆ తర్వాత నీళ్ల మీద ఒక పడవ, అందులో రెండు శవపేటికలు. ఫెర్రీ అయితే అందింది.

ఇది నిజానికి రోడ్డు భద్రత మీద డేనిష్ ప్రభుత్వం తీయించిన ప్రచార చిత్రం. మన దగ్గర హెల్మెట్ పెట్టుకోండి అని సినిమాకి ముందు వేసే యాడ్ లాంటిదన్నమాట. అలాంటి పనిలోకి ఈ పాలిపోయిన తోటి ప్రయాణికుడు ఎలా దూరాడు?

మా ఆఫీసులో వింత కోడ్ కనపడితే మొదట చేసే పని గిట్ బ్లేమ్. ఈ లైను ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ అవసరానికి? ఈ పాలిపోయిన మనిషి మీద కూడా అదే పని చేశాను. కథకి మూలం యొహానెస్ యెన్సన్ అనే డేనిష్ రచయితది, ఆయనకి 1944లో నోబెల్ వచ్చింది. కానీ సినిమాలో ఇలా బండి తోలే చావుని వెతుక్కుంటూ పోతే దారి పక్క దేశానికి తీసుకెళ్లింది. స్వీడన్, 1921, విక్టర్ షోస్ట్రోమ్ తీసిన 'ది ఫాంటమ్ క్యారేజ్'. తమాషా ఏంటంటే దాని పుట్టుక కూడా ఒక ప్రచార పనే.

సెల్మా లాగర్లాఫ్‌కి 1909లో నోబెల్ వచ్చింది. సాహిత్యంలో ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడ. అప్పట్లో క్షయ స్వీడన్‌ని తినేస్తోంది. జబ్బు ఎలా అంటుకుంటుందో జనానికి తెలిసేలా ఏదైనా రాసిపెట్టమని క్షయ నివారణ సంఘంవాళ్లు ఆవిణ్ణి అడిగారు. ఆవిడ రాయడం మొదలుపెడితే కరపత్రం కాస్తా 1912లో నవలై బయటికొచ్చింది. దగ్గు, తెమడ, చిరిగిన కోటు, వీటితోపాటు ఆవిడ అందులో ఒక ఐతిహ్యాన్ని పెట్టింది. డిసెంబర్ 31 రాత్రి, సరిగ్గా పన్నెండు గంటలు కొట్టేటప్పుడు చివరగా చచ్చిపోయినవాడు రాబోయే ఏడాదంతా మృత్యువు బండి తోలాలి. చనిపోయినవాళ్ల ఆత్మల్ని ఏరుకుంటూ ఊరూరూ తిరగాలి.

సినిమా ఇలా మొదలవుతుంది. ఎడిట్ అనే సాల్వేషన్ ఆర్మీ సోదరి క్షయతో చావు బతుకుల్లో ఉంటుంది. డేవిడ్ హోల్మ్‌ని పిలవమంటుంది. అతను ఇద్దరు తోటి తాగుబోతులతో శ్మశానంలో కూర్చుని ఆ బండి కథే చెబుతుంటాడు. ఆ కథ తనకి చెప్పిన పాత స్నేహితుడు జార్జెస్ సరిగ్గా ఏడాది క్రితం, డిసెంబర్ 31నే చచ్చిపోయాడంటాడు. కబురొస్తే రానంటాడు. కొట్లాట జరుగుతుంది. సీసా నెత్తిన పడుతుంది. గంటలు కొడతాయి. బండి వస్తుంది, తోలేవాడు జార్జెస్.

ఇక్కణ్ణుంచి సినిమా అంతా ఒక ప్రయాణం. జార్జెస్ డేవిడ్‌ని ఎక్కించుకుని, నువ్వేం చేశావో చూడు అంటాడు. ఒకప్పుడు డేవిడ్‌కి భార్య, ఇద్దరు పిల్లలు, తమ్ముడు. చెరువు గట్టున పచ్చిక మీద కూర్చుని భోజనాలు. తర్వాత తాగుడు. ఆ తాగుడు నేర్పింది కూడా ఈ జార్జెసే. జైలు నుంచి ఇంటికొస్తే ఇల్లు ఖాళీ. భార్య పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. డేవిడ్ పశ్చాత్తాపపడడు, పగ పెంచుకుంటాడు. ఆమెని వెతకడానికి దేశమంతా తిరుగుతాడు. ఆ తిరుగుడులో ఒక రాత్రి ఎడిట్ ఉండే ఆశ్రయానికి చేరతాడు. ఆమె రాత్రంతా మేలుకుని అతని కోటు కుడుతుంది. జబ్బు ఆమెకి అంటుకుంటుంది అక్కడే. పొద్దున లేచి అతను ఆ కుట్లన్నీ తెంపేస్తాడు.

సినిమా చరిత్ర పుస్తకాల్లో ఈ సినిమా పేరు ముఖ్యంగా బండి దృశ్యాల వల్ల ఉంటుంది. కెమెరామన్ యూలియస్ యాన్సన్ ముందు గదినో వీధినో తీసి, ఫిల్మ్‌ని కెమెరాలోనే వెనక్కి చుట్టి, దాని మీదే ఆత్మనీ బండినీ మళ్లీ తీశాడు. కొన్ని షాట్లలో ఇలా నాలుగు పొరలు. కెమెరా చేత్తో తిప్పేది. రెండోసారి తిప్పే వేగం, పెట్టే వెలుతురు మొదటిసారికి సరిపోవాలి. తేడా వస్తే మొత్తం ఫిల్మ్ పోయినట్టే, అన్‌డూ లేదు. అంత కష్టపడి చేసింది కాబట్టే వందేళ్ల తర్వాత కూడా ఆ బండి సముద్రం మీద, అలల్లోంచి, మునిగిపోయినవాడి కోసం వెళుతుంటే నవ్వు రాదు.

నన్ను పట్టుకున్నది మాత్రం బండి కంటే ఒక తేదీ.

'ది ఫాంటమ్ క్యారేజ్' విడుదలైంది 1921 జనవరి 1న. కథ జరిగేది కొత్త సంవత్సరం రాత్రి కాబట్టి ఆ రోజు వేశారు, అంతవరకు మామూలే. కానీ స్వీడన్‌లో 1920లో చేసిన కొత్త వివాహ చట్టం అమల్లోకి వచ్చిన తేదీ కూడా 1921 జనవరి 1. అంతకుముందు వరకు పెళ్లయిన స్త్రీకి చట్టం దృష్టిలో భర్తే సంరక్షకుడు. ఆస్తి విషయాల్లో, కోర్టు విషయాల్లో ఆమె తరఫున మాట్లాడేది అతనే. కొత్తగా పెళ్లి చేసుకునేవాళ్లకి ఆ రోజుతో అది పోయింది, భార్యాభర్తలిద్దరూ సమానమన్నారు. విడాకుల చట్టం అంతకు ముందే, 1915లో మారింది. ఫలానావాడిది తప్పు అని నిరూపించకుండానే, కలిసి బతకలేకపోతున్నాం అని చెప్పి ఏడాది విడిగా ఉంటే విడిపోవచ్చు.

ఏడాది. ఐతిహ్యంలో బండి తోలే శిక్ష కూడా ఏడాదే. ఈ రెండిటికీ సంబంధం లేదు, కాకతాళీయమే. అయినా మా ఆరు నెలల మధ్యలో కూర్చుని చూస్తున్న నాకు ఆ రెండు ఏడాదులూ ఒకటే అనిపించాయి. విడిపోయే మనిషి గడువు పూర్తయ్యేదాకా ఒక బండి ఎక్కి, తను పాడుచేసిన ఇళ్ల ముందు నుంచి మళ్లీ మళ్లీ వెళ్లాలి.

ఇక ఆ తలుపు దగ్గరికొద్దాం. ఎడిట్ మంచి మనసుతోనే భార్యనీ భర్తనీ మళ్లీ కలుపుతుంది. కలిపాక ఆ ఇంట్లో డేవిడ్ జబ్బు దగ్గు పిల్లల మీదికి కావాలనే దగ్గుతాడు. భార్య వద్దని బతిమాలుతుంది, చివరికి అతన్ని వంటింట్లో పెట్టి తలుపు వేస్తుంది. పిల్లల్ని తీసుకుని పారిపోవాలి. అతను గొడ్డలి తీసుకుని తలుపు నరుకుతాడు. చెక్క చీలుతుంది, కన్నంలోంచి అతను కనపడతాడు. 1980లో కుబ్రిక్ తీసిన 'ది షైనింగ్' చూసినవాళ్లకి ఈ షాట్ కొత్త కాదు. చాలామంది ఈ రెండిటినీ పోల్చారు. తేడా ఏమిటంటే కుబ్రిక్ భర్త లోపలికి రావడానికి నరుకుతాడు, షోస్ట్రోమ్ భర్త బయటికి రావడానికి. తాళం వేసింది ఆమె. ఆ ఒక్క క్షణం ఇంటి తాళం ఆమె చేతిలో ఉంది.

స్టాక్‌హోమ్‌లో ఆ జనవరి 1న హాల్లో కూర్చున్న స్త్రీల గురించి ఆలోచించాను. బయట చట్టం ఒక తలుపు తీసింది. లోపల తెర మీద ఒక ఆడమనిషి వేసిన తలుపు గొడ్డలి దెబ్బలకి పగులుతోంది.

సినిమా ముగింపు మాత్రం కొత్త చట్టం వైపు చూడదు. భార్య ఇక భరించలేక పిల్లలకీ తనకీ విషం కలుపుతుంటుంది. బండిలోంచి ఇది చూసిన డేవిడ్ ఏడుస్తాడు, బతిమాలతాడు. జార్జెస్ అతన్ని మళ్లీ శరీరంలోకి పంపిస్తాడు. పరుగెత్తుకుంటూ ఇంటికెళ్లి ఆపుతాడు. భార్య ముందు నమ్మదు. అతను నిజంగా ఏడవడం చూసి నమ్ముతుంది. సినిమా అయిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు నేను కూడా ఏడ్చాను. ఎందుకో చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. నేను తాగను, ఎవరి మీదా చేయెత్తలేదు. మా పెళ్లి చాలా నిశ్శబ్దంగా పాడైంది, ల్యాప్‌టాప్ వెలుగులో. తను ఏదో చెబుతుంటే నేను స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా "ఊఁ, చెప్పు" అనేవాణ్ణి. అలా నాలుగేళ్లు. కాబట్టి గొడ్డలి మనిషితో నాకు పోలిక లేదనుకుంటూనే, చివర్లో అతను ఏడ్చి, ఆమె నమ్మినప్పుడు, నాకూ అలాంటి రాత్రి ఒకటి దొరుకుతుందని ఆశపడ్డాను. ఆరు నెలల గడువు దానికే అనుకున్నాను.

ఈ ఆశని డ్రయర్ కూడా ఒకసారి పరీక్షకి పెట్టాడు. ఆ సోదరి ఎడిట్ వేషం వేసిన నటి ఆస్ట్రిడ్ హోల్మ్ (పాత్ర ఇంటిపేరూ ఈవిడ ఇంటిపేరూ ఒకటే కావడం యాదృచ్ఛికం). నాలుగేళ్ల తర్వాత, 1925లో, ఈవిడే డ్రయర్ తీసిన 'మాస్టర్ ఆఫ్ ది హౌస్'లో భార్య. డేనిష్ పేరుకి అర్థం, నీ భార్యను గౌరవించు. ఇందులో దెయ్యాల్లేవు, బండి లేదు. రెండు గదుల ఇల్లు, ఆరేసిన బట్టలు, పొద్దున్నే కాఫీ. ప్రతిదానికీ విసుక్కునే మొగుడు. భార్య అలిసిపోయి పుట్టింటికెళ్లిపోతే, అతన్ని చిన్నప్పుడు పెంచిన ముసలి ఆయా వచ్చి ఇంట్లో కూర్చుంటుంది. వంటపని, బట్టల పని, పిల్లల పని అన్నీ అతనితో చేయిస్తుంది. పశ్చాత్తాపం అంటే కన్నీళ్లు కావు, డైపర్లు అని డ్రయర్ చెబుతున్నట్టుంటుంది. షోస్ట్రోమ్ ఒక్క రాత్రిలో మార్చిన మనిషిని డ్రయర్ రోజూ గిన్నెలు తోమించి మారుస్తాడు. నాకు రెండోదే ఎక్కువ నమ్మకంగా అనిపించింది, మొదటిదే ఎక్కువ నచ్చింది. నా సమస్య అదే కావచ్చు.

1957కి వద్దాం. షోస్ట్రోమ్ ఇప్పుడు దర్శకుడు కాదు, డెబ్భై ఎనిమిదేళ్ల నటుడు. ఇంగ్మర్ బెర్గ్‌మన్ 'ది ఫాంటమ్ క్యారేజ్'ని ప్రతి ఏడాదీ చూస్తానని చెప్పుకున్న మనిషి. ఆయన తన 'వైల్డ్ స్ట్రాబెర్రీస్'లో ఇసాక్ బోర్గ్ అనే ముసలి డాక్టరు పాత్ర షోస్ట్రోమ్‌కి ఇచ్చాడు. డాక్టరేట్ వచ్చి యాభై ఏళ్లయిందని యూనివర్సిటీ సన్మానం. స్టాక్‌హోమ్ నుంచి లుండ్‌కి పాత నల్ల కారులో ప్రయాణం. బయలుదేరే ముందు ఒక కల. ముళ్లు లేని గడియారం, ఖాళీ వీధి, గుర్రాలు లాగే శవాల బండి. చక్రం దీపస్తంభానికి తగులుకుని ఊడుతుంది, పేటిక కింద పడుతుంది, అందులోంచి ఒక చెయ్యి వచ్చి ఇసాక్‌ని పట్టుకుంటుంది. ముఖం చూస్తే తనదే. ముప్ఫై ఆరేళ్ల కింద తను తీసిన బండి షోస్ట్రోమ్‌ని వెతుక్కుంటూ వచ్చింది.

కారులో తోడు వచ్చేది కోడలు మరియాన్. ఆమె కడుపుతో ఉంది. భర్తకి ఆ బిడ్డ వద్దు. దారిలో ముగ్గురు కుర్రవాళ్లు లిఫ్ట్ అడిగి ఎక్కుతారు. వాళ్లలో ఉన్న అమ్మాయి పేరు సారా, ఇసాక్ ప్రేమించి పోగొట్టుకున్న అమ్మాయి పేరూ సారాయే, రెండు వేషాలూ ఒకే నటి వేసింది. తర్వాత ఒక యాక్సిడెంటు తప్పిపోయి, ఆల్మన్ అనే దంపతులు ఎక్కుతారు. కారులో కూర్చుని ఒకరినొకరు చీల్చుకుంటారు. అతను వెటకారం చేస్తాడు, ఆమె చెంప పగలగొడుతుంది. మరియాన్ కారు ఆపుతుంది. ఇక్కడ పిల్లలున్నారు, దిగిపోండి అంటుంది.

నేను ఈ సీన్‌ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. 1921లో బండి తోలేది మృత్యువు పంపిన మగవాడు, ఎక్కేది భర్త, భార్య దూరంగా ఒక గదిలో విషం కలుపుకుంటోంది. 1957లో స్టీరింగ్ ముందు ఒక స్త్రీ. పాడైపోయిన ఒక పెళ్లిని దిగిపొమ్మని చెప్పగలదు, తన పెళ్లిలో ఉండాలో వద్దో తనే తేల్చుకోగలదు. మధ్యలో ఉన్న ముప్ఫై ఆరేళ్ల చట్టాలు, ఉద్యోగాలు, ఓట్లు అన్నీ ఆ ఒక్క బ్రేకులో ఉన్నాయి.

అయితే బెర్గ్‌మన్ కూడా ఒకరిని కారు ఎక్కించలేదు. ఇసాక్ భార్య కరీన్. ఆమె చనిపోయి చాలా కాలమైంది. ఇసాక్ కలలో, అడవి మధ్యలో, 1917 నాటి దృశ్యంలో ఇంకో మగవాడితో కనపడుతుంది. అతనితో అంటుంది: ఇంటికెళ్లి ఇదంతా చెబుతాను, ఆయన క్షమించాల్సిందేముంది అంటాడు, జాలిపడతాడు, నిద్రమాత్ర కూడా ఇస్తాడు, కానీ లోపల ఏమీ ఉండదు, మంచు. సినిమా మొత్తంలో ఇసాక్ గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. ఆ మాటలు ఆమె నోట కూడా ఇసాక్ కలలోనే వినాలి. ఆమె వైపు నుంచి ప్రయాణం లేదు, లిఫ్ట్ అడిగి ఎక్కే కుర్రవాళ్లు లేరు, సన్మానం లేదు.

ఇది నాకు సినిమాలు చూస్తూ తట్టలేదు. తట్టించింది ఒక అవ్వ.

నాలుగో నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సులో వెళుతున్నాను. నా పక్క సీట్లో సూర్యాపేటలో దిగాల్సిన ఒక అవ్వ. సంచీలోంచి జామకాయ తీసి నాకొకటిచ్చి, "పిల్లలెంతమంది బిడ్డా?" అంది. అందరికీ చెప్పే అబద్ధం ఒకటుంది నా దగ్గర. ఆ రోజు ఎందుకో అది రాలేదు. "లేరవ్వా. మేం విడిపోతున్నాం" అన్నాను. ఇక అక్కణ్ణుంచి సూర్యాపేట దాకా చెబుతూనే ఉన్నాను, నా తప్పులు, నా నిద్రలేని రాత్రులు, నేను ఎంత మారానో. అవ్వ మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. దిగేముందు సంచీ సర్దుకుంటూ అడిగింది: "మరి ఆ పిల్లకు తోడెవరున్నరు?"

నా దగ్గర సమాధానం లేదు. నాలుగు నెలలుగా ఆ ప్రశ్న వేసుకోలేదు కూడా. నాకు డ్రయర్ ఉన్నాడు, జార్జెస్ ఉన్నాడు, మరియాన్ ఉంది, జామకాయ ఇచ్చిన అవ్వ ఉంది. ఇంతమందిని ఎక్కించుకుని నేను నా పశ్చాత్తాపం అనే బండిలో తిరుగుతున్నాను. తను ఏ బండిలో ఉందో, పక్క సీట్లో ఎవరైనా ఉన్నారో లేదో తెలుసుకోవాలనిపించలేదు. "ఊఁ, చెప్పు" అన్న మనిషి ఎక్కడికీ పోలేదన్నమాట, స్క్రీన్ మార్చాడంతే.

అప్పుడు 'ది ఫాంటమ్ క్యారేజ్' మళ్లీ చూశాను. ఈసారి భార్య వేషం వేసిన హిల్డా బోర్గ్‌స్ట్రోమ్‌నే చూశాను. అతను ఏడుస్తుంటే ఆమె ముఖంలో మొదట కనపడేది అలసట. నమ్మకం చాలా ఆలస్యంగా, చాలా తక్కువగా వస్తుంది. షోస్ట్రోమ్ ఆమెకి బండి ఇవ్వలేదు గానీ కెమెరాని ఆ ముఖం మీద ఉంచాడు. ఇంకో చోటికి వెళ్లే వీలుంటే ఆమె ఈ మనిషిని నమ్మేదా? సినిమా అడగదు. బయట ఆ రోజే అమల్లోకి వచ్చిన చట్టం అడిగింది.

రెండో మోషన్ రోజు కోర్టుకి నేను ఒక్కణ్ణే వెళ్లాను. తను ఒక స్నేహితురాలితో వచ్చింది. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు, పేరు తెలియదు. మా నంబరు పిలిచేదాకా వాళ్లిద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చుని ఒకే డబ్బాలోంచి ఇడ్లీ తిన్నారు. తను ఏదో చెబుతోంది. ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, తన వైపు తిరిగి కూర్చుని వింటోంది.